పిట్ట ముట్టని కూర

జర ఆ ఫ్రిజ్జు తలుపు మూసి రా రాకేశ్, సల్లదనమంత బయటికి వోతాంది. ఏందట్ల జూస్తవ్? అవును, అన్ని నేనే దెచ్చిన. తలకాయ, కాళ్లు, బోటి, కార్జం, తొడకూర, ఆ నల్ల సంచిల కోడి సుత ఉన్నది. ఇద్దరికి ఇంతనా పెద్దబాపూ అంటవా? తినెటందుకు గాదు బిడ్డా. ఎందుకో జెప్త, ముందుగాల కూసో. ఆ ఉల్లిగడ్డలు ఇటు జరుపు, పొట్టు దీసుకుంట ముచ్చట వెట్టుకుందాం. ఇయ్యాల జుమ్మ, శుక్రారం, ఛుట్టి, ఎవ్వనికి దొందర లేదు. మంచం మీద కూసో, ఏం గాదు. గదే మీ బాపు మంచం. కిందిది ఆయనది, మీదిది నాది ఉండె. నా మోకాళ్లు గుంజుతాంటె సూసి "లింగన్నా, నువ్వు కిందికి రా, నేను మీదికెక్కుత" అనేటోడు. నాకు పౌరుషం, రాజలింగు ముసలోడైండు అంటరని రాలె. ఆయన వోయినంక దిగిన. దిగి ఏం సుఖపడ్డ? ఈ మంచం మీద పండుకుంటె నిద్ర వట్టది నాకు.

మీ బాపు పోచన్న అంటె ఈ అరబ్బు దేశంల, ఈ క్యాంపుల ఎర్కలేనోడు లేకుండె. పని ఏందంటె గ్యాస్ కట్టింగు. ఇనుప రేకులు, పైపులు, ఇంత మందంవి, మంట వెట్టి కోసుడు. వారమంత ఇనుము గోసుడు, జుమ్మ నాడు కూర వండుడు, గీ రెండు దప్ప ఆయనకు ఇంకో లోకం లేదు. మందు లేదు, పత్తలాట లేదు, ఫోన్ల బొమ్మలు జూసుడు లేదు. కంపెనీ మెస్సుల ఏం వెడ్తరో నువ్వు వచ్చి నాలుగొద్దులాయె, సూసినవ్ గద. నీళ్ల పప్పు, రబ్బరు రొట్టె. పోనీ రూంల పొయ్యి వెట్టుకుంటమంటె అది వద్దంటరు. అమ్మ వెట్టది, అడుక్క తిననియ్యది, గట్లుంటది కంపెనీ కత. గందుకే ఆ బయట వంటశెడ్డు కాడ జుమ్మ నాడు పెందలాడ పొయ్యి వట్టుకునుడు మీ బాపు పని. మంది నమాజుకు పోకముందుకే ఆయన గిన్నె మసులుతాండేది. అయూబ్ అని బోధన్ డ్రైవరుండె మా రూంల, మంచోడు పాపం, నమాజుకు పోవుకుంట గిన్నె మూత లేపేటోడు. "అరె పోచన్నా, క్యా బనాయా రే, నన్ను దువా కూడ జెయ్యనియ్యవా!" అనేటోడు. మీ బాపు గంటె జూపిచ్చి ఎల్లగొట్టేటోడు.

వండుడంటె ఏదో కడుపుకు వండుడు గాదు రాకేశ్. సంబురం. మేక కాళ్లున్నయనుకో, మనూర్ల అయితె కట్టెల మంట మీద కాల్చి, బొచ్చు గీకి, పసుపు రాస్తం. ఈడ కట్టెలేడియి? మీ బాపు ఏం జేసేటోడంటె, గురువారం నాడు కాళ్లు సంచిల ఏసుకొని వర్క్‌షాపుకు తెచ్చేటోడు. పని అయిపోయినంక, ఇనుము గోసే టార్చి లేదా, గదే టార్చి మంట సన్నగ జేసి, ఇనుప బల్ల మీద కాళ్లు వేర్సి, ఒక్కొక్కటి తిప్పుకుంట కాల్చేటోడు. నల్ల అద్దాల టోపీ సుత తియ్యకపోయేటోడు! ఒకపారి పఠాన్ ఫోర్‌మన్ వచ్చిండు. "ఓయ్ పోచన్, యే క్యా జలా రహా హై?" అని ఒక్క కేక. మీ బాపు టోపీ లేపి, "సాబ్, ఏక్ దిన్ ఖాకే దేఖో, ఫిర్ గాలీ దేవ్" అన్నడు, తిని సూసి అటెన్క తిట్టుమని. ఇగ వచ్చే వారం ఆ పఠానే రెండు జతల కాళ్లు వట్టుకొని వచ్చిండు. నవ్వుతవేంది, నిజం. ఆ షోర్వ తాగినోడు ఎవ్వడు మల్ల మునుపటి మనిషి గాడు.

ఇంకో ముచ్చట. మీ బాపు ఉప్పు నోట్లెసుకొని సూడడు. ఎన్నడు సూడలె. మీ నాయినమ్మ పోచమ్మకు బోనం వండేది గద, దేవునికి వెట్టెదాన్ని ఎంగిలి జెయ్యద్దని ఆవిరి వట్టి వాసనతోని ఉప్పు జెప్పేదట. అది ఈయనకు అబ్బింది. గిన్నె మీద ఇట్ల వంగి, కండ్లు మూసుకొని, ఆవిరి మొకం మీదికి రానిచ్చి, "లింగన్నా, ఒక్క చిటికెడు తక్వైంది" అంటడు. ఏస్తడు. బరాబరుంటది. నేను పరీచ్చ వెట్టిన ఎన్నోపార్లు, ఒక్కనాడు తప్పలె. వండినంక మొట్టమొదటి ముద్ద కిటికి అంచుకు, పెద్దలకు. అటెన్క మాకు. ఎవ్వలికి ఏది ఇష్టమో ఆయనకు కంఠతా. పాయల మూలుగ బొక్క అయూబ్‌కు. భేజ, బోటి ప్రమోద్ అని కోరుట్ల పోరడుండె, వానికి. నాలికె నాకు. నాకు నాలికె ఇష్టమని నేను చెప్పిందే లేదు, తినంగ నా మొకం సూసి పట్టుకున్నడు. అందరికి వెట్టినంక ఆ గిన్నెల ఇంత అన్నం ఏసి, గోడలకంటిన మసాల తుడుసుకుంట కలుపుకొని తినేటోడు. మేం తింటాంటె మా మొకాలు జూస్తాండేటోడు. గదీ ఆయన పండుగ.

మీ అవ్వకు తలకాయ కూరంటె పాణం. ఆ ముచ్చట ఎన్నిపార్లు జెప్పిండో. రెండేండ్లకోపారి ఛుట్టికి ఊరికి వస్తె మీ అవ్వను పొయ్యి దగ్గరికి రానియ్యకపోయేటోడట గద? అవునా? నీకు యాదికున్నదా? "మంది నవ్వుతాండ్రు, నువ్వు బయటికి పో జర" అని మీ అవ్వ సిగ్గువడుడు, "నవ్వని తియ్, వాళ్ల మొగోల్లకు వండస్తదా" అని ఈయన. మీ అవ్వ గౌరవ్వ తిని ఏళ్లు నాకుతదని చెప్పి గీడ ఈ మంచం మీద కూసొని మురిసేటోడు. పెండ్లామోళ్ల ముచ్చట ఇంత సిగ్గు లేకుంట చెప్పే మొగోన్ని నేను ఇంకోన్ని సూడలె.

ఇగ కరోన ఎండకాలం వచ్చింది. విమానాలు బంద్, క్యాంపు గేటు బంద్. గప్పుడే మీ అవ్వకు సక్కెర బీమారి ముదిరె, జరం వచ్చె, దవఖానాలల్ల జాగ లేకపాయె, పాణమే వోయె. నీకు నేను చెప్పేదేంది, నువ్వే మోసినవ్. మీ బాపు గీడ గోడకు తల కొట్టుకున్నడు. మా మేనేజరు ముదీర్ కాళ్ల మీద వడ్డడు. ముదీర్ ఏం జేస్తడు, ఆకాశంల విమానమే లేదాయె. మూడొద్దుల నాడు పిట్టకు, గదే కాకికి, వెట్టింది మీరు ఫోన్ల జూపిచ్చిండ్రు. ఫోన్ పట్టుకున్నది నువ్వే గద, బొమ్మ అదురుతాండె. ఇస్తరాకుల తలకాయ కూర, కల్లు, మీ అవ్వకు ఇష్టమున్నయన్ని వెట్టిండ్రు. కాకి వచ్చి గోడ మీద కూసున్నది గని దిగది. "బిడ్డ పెండ్లి మంచిగ జేస్తం, ముట్టు గౌరవ్వా." దిగది. "కొడుకును సదివిపిస్తం, ముట్టు." దిగది. ఎండ నెత్తి మీదికొచ్చింది. అప్పుడు మీ పెద్దమ్మ ముందటికొచ్చి, "పోచన్న వస్తడే! వచ్చి ఆయన చేత్తోని తలకాయ కూర వండి నీకు వెడ్తడు! ఆయన దిక్కుకెల్లి నేను మాటిస్తాన్న, ముట్టవే తల్లీ" అని ఏడ్సింది. ఏడ్సుడు, కాకి దబ్బున దిగి ముక్క ఎత్తుకొని పోవుడు. మీ బాపు ఏడ్వలె. నెత్తి మీద చెయ్యి వెట్టుకొని, "నా పేరు మీద మాటిచ్చిండ్రు లింగన్నా. ఇగ నేను వోవాలె, వండాలె" అన్నడు. గంతే. ఆనాటి సంది ఆయనకు ఆ ఒక్క మాట దప్ప ఇంకేం లేదు.

పోయేటోడే. విమానాలు తెరుస్తరని మాట వినవడ్డది, బట్టలు సుత సదురుకున్నడు. గప్పుడు తగిలింది ఆయనకు కరోన. ముక్కుల పుల్ల వెట్టి చూసి, బస్సుల ఎక్కిచ్చి కోరంటైనుకు తీస్కపోయిండ్రు. తిరిగొచ్చిండు, బక్కగైండు గని మంచిగనే ఉన్నడు. ఆ జుమ్మ నాడు మేమందరం సంబురపడ్డం, మల్ల పోచన్న చేతి కూర అని. ఉల్లిగడ్డ ఏసిండు, అల్లం ఎల్లిగడ్డ ఏసిండు, నిలవడ్డడు. గంటె ఆగింది. "లింగన్నా, మాడుతాందా ఏంది?" అన్నడు. మాడుతాంది మరి! నల్లగైంది! షెడ్డంత పొగ! ముక్కు దాన్ల వెట్టి నిలవడ్డోడు నన్నడుగుతాండు. అయూబ్ ఉరికి అత్తరు సీస తెచ్చి ముక్కుకు వెట్టిండు. లేదు. పచ్చి ఎల్లిగడ్డ నలిపి వెట్టినం. లేదు. మెంతుల తొక్కు నాలిక మీద ఏసుకున్నడు, మట్టి తిన్నట్టు నమిలిండు. వాసన వోయింది, రుచి వోయింది. ఇనుము గోసే చేతులు ఉన్నయ్, కండ్లున్నయ్, కాళ్లున్నయ్, ఆ మనిషి మాత్రం లేడు.

దవఖానల డాక్టరు, అదే వస్తది, కొన్నొద్దులైతది అన్నడు. అందరికి వచ్చింది రాకేశ్. ప్రమోద్‌గానికి వచ్చింది, పఠానుకు వచ్చింది. మీ బాపుకు రాలె. ఇంతట్ల విమానాలు తెరిసిండ్రు. ముదీర్ పాస్‌పోర్టు చేతుల వెట్టి, "యల్లా పోచన్, రూహ్ బలద్, పెండ్లాం పోయింది నీకు, ఊరికి వొయి రా" అన్నడు. మీ బాపు ఆ పాస్‌పోర్టు మల్ల బల్ల మీద వెట్టిండు! "ఇప్పుడు గాదు సాబ్" అని. నాకు కోపం నషాళానికెక్కింది. ఇగో గీ జాగలనే, గీ మంచం కాడనే కొట్లాడిన. "అరె పోచిగా, చేత్తోని వండుతవా ముక్కుతోని వండుతవా? పోయి ఏదో ఒకటి వండి వెట్టి రారాదు? సచ్చినామె ఉప్పు తూకమేసి చూస్తదా?" అన్న. ఆయన నెమ్మదిగ ఏమన్నడో ఎర్కేనా? "లింగన్నా, ఆమె నా చేతి కూరకు ఆగింది. గిప్పుడు నా చేతుల ఉన్నది కూర గాదు, గడ్డి. సచ్చినంక సుత ఆమెకు గడ్డి వెట్టాల్నా? ముక్కు రానియ్యి, పోత" అన్నడు. నేను వాసన జూసి చెప్త అన్న. నా ముక్కుకు ఉప్పేం తెలుస్తది, జలుబు ముక్కు. ఎవ్వలన్న రుచి చూసి చెప్తె ఎంగిలైతదాయె. ఏ తొవ్వల వోయినా గోడనే. ఊకె అనద్దు గని, మనోల్ల పట్టింపులు మనల్నే మింగుతయ్.

అప్పుడు సురువు జేసిండు డాబా మీద. జుమ్మ జుమ్మకు తలకాయ కూర వండుడు, ఇస్తరాకులు లేవాయె, ప్లేట్ల వెట్టుకొని డాబా ఎక్కుడు, నీళ్ల ట్యాంకు పక్కన వెట్టి "గౌరవ్వా, ముట్టు" అనుడు, దూరం జరిగి తువ్వాల నెత్తి మీద ఏసుకొని కూసునుడు. గీడ కాకి ముడితె కూర మంచిగున్నట్టు, ఊరికి పోవచ్చు. ముట్టకపోతె ఇంకో జుమ్మ ఆగాలె. గదీ ఆయన లెక్క. ఎవ్వలు జెప్పిన్రు ఆ లెక్క? ఎవ్వలు జెప్పలె, ఆయనే పెట్టుకున్నడు. గోరింకలు వచ్చి అన్నం మెతుకులు తినేటియి. పిల్లి వచ్చి ముక్క గుంజేది. కాకి మాత్రం ట్యాంకు మీద కూసొని ఇట్ల మెడ వంచి చూసి లేసిపోయేది. దానికి ఆకలేడిది బిడ్డా? ఇండస్ట్రియల్ ఏరియాల చెత్తడబ్బ నిండ బిర్యానీలే. దానికి మీ గౌరవ్వ ఎవ్వలో ఏం ఎర్క? నేను గీ మాట అంటె మీ బాపు నాలుగొద్దులు నాతోని మాట్లాడలె. కాకి దిగకపోతె ఆ ప్లేటు కిందికి తెచ్చి, పెద్దగిన్నెల కూర మాకు వెట్టేటోడు. ఒకపారి నోట్లె వెట్టలేనంత ఉప్పు. ఒకపారి సప్పటిది. మేం మూసుకొని తిన్నం. ఒకపారి మాత్రం... ఒకపారి అచ్చం మునుపటి లెక్కనే ఉండె. అదే రుచి. అయూబ్ కండ్లల్ల నీళ్లు దీసిండు. "పోచన్నా, ఇయ్యాల బరాబరున్నదిరా, పోచమ్మ తోడు" అన్న నేను. ఆయన నా దిక్కు సూసి, "గట్లయితె ఆమె ఎందుకు ముట్టలె?" అన్నడు.

ప్రమోద్‌గాడు సూడలేక ఒకనాడు ఉపాయం జేసిండు. మీ బాపు నీళ్లు తాగ కిందికి వస్తె వీడు ప్లేట్ల ఏలు వెట్టి కెలికి, "కాకా కాకా, ముట్టింది, నా కండ్లార సూసిన!" అని కేకలు. మీ బాపు ఉరుక్కుంట ఎక్కిండు. చూసిండు. "కాకి ముడితె ముక్క ఎత్తుకపోతది బిడ్డా, మసాలల ఏలు వెట్టి తిప్పది" అని నవ్విండు. కోపం గాలె. వాని చెయ్యి దీసుకొని తన తువ్వాలతోని తుడిసిండు. ఆయన నవ్వంగ నేను చూసింది గదే ఆఖరు.

యేడాది గిట్లనే గడ్సింది. మీ చెల్లె ఫోన్ జేసి ఏడ్సేది, "బాపూ ఎప్పుడస్తవ్" అని. "వస్త బిడ్డా, చెయ్యి కుదురుతాంది" అనేటోడు. మంది ఏమనుకున్నరు, పైసల కోసం ఆగిండన్నరట మీ ఊర్ల. థూ! నువ్వు సుత గట్లనే అనుకున్నవా? ... అనుకునే ఉంటవ్ తియ్. నీ తప్పేం లేదు. గందుకే జెప్తాన్న ఇదంత. ముక్కు కోసం ఆగిండు మీ బాపు. ఒక్క తలకాయ కూర కోసం.

మల్ల ఎండకాలం. పొద్దుగాల కంపెనీ బస్సుల కిటికి పక్కన కూసున్నడు, నేను ఎన్క సీట్ల ఉన్న. వర్క్‌షాపు వచ్చింది, అందరు దిగిండ్రు. ఈయన దిగలె. నిద్ర వట్టిందేమో అని భుజం వట్టి కదిపిన. తల ఒరిగింది. ఇగ ఖలాస్. గుండె అన్నరు దవఖానల. ఎంత సల్లగ పోయిండో, పక్కనున్నోనికి తెల్వలె. సాయంత్రం రూంకు వచ్చి ఫ్రిజ్జు తీస్తె ఆ జుమ్మకని తెచ్చుకున్న తలకాయ ఉన్నది దాంట్ల. గది జూసి ఏడ్సిన నేను, బస్సుల ఏడ్వలె. ఊరికి వో వో అని ఎంత మొత్తుకున్న పోనోడు, పెట్టెల వోయిండు. నువ్వే గద శంషాబాదుకు వచ్చి తీస్కపోయినవ్. చెయ్యి కాలినంక ఆకులు వట్టుకున్నట్టు, కంపెనోడు అన్ని కాయిదాలు రెండు దినాలల్ల జేసిండు.

మూడొద్దుల నాడు మేం గీడ ఆయనకు పిట్టకు వెట్టాల్ననుకున్నం. ఊర్ల మీరు వెడ్తరు, గని ఇన్నేండ్లు ఆయన చేతి తిండి తిన్నం, మాకు రుణం లేదా? వంటశెడ్డు కాడ జమైనం. సరె, ఏం వండుదాం? సచ్చినోనికి ఇష్టమైంది వండాలె గద. అయూబ్ "పాయ" అన్నడు. ప్రమోద్ "కాదు, బోటి" అన్నడు. నేను తలకాయ అన్న. అని, ఆగినం. పాయ ఇష్టం అయూబ్‌కు. బోటి ప్రమోద్‌గానికి. తలకాయ మీ అవ్వకు. మరి పోచన్నకు? ఎవ్వనికి ఎర్క లేదు రాకేశ్! ఇన్నేండ్లు ఒక్క రూంల పండుకున్నం, ఆయన అందరికి వెట్టినంక గిన్నె తుడుసుకొని తింటాంటె సూసినం, నీకేం గావాలె పోచన్నా అని ఒక్కనాడు, ఒక్కడన్న అడిగినోడు లేడు. నా నాలికె ముక్క నా ప్లేట్లకు రావాల్నాయె, వచ్చింది, తిన్న. గంతే. ఆఖరుకు అన్ని వండి వెట్టినం డాబా మీద. పొద్దంత కూసున్నం. ముట్టలె. యేటా ఆయన వోయిన దినం వెడ్తనే ఉన్న. ఒకయేడు పాయ, ఒకయేడు కార్జం, ఒకయేడు కోడి. ముట్టలె. అయూబ్ నౌకరి ఖతం జేసుకొని ఊరికి వోయిండు, ప్రమోద్ వేరే కంపెనీకి వోయిండు, నేనొక్కన్ని కూసుంట డాబా మీద ఆయన తువ్వాల ఏసుకొని. కాకిది ఏం లేదు అన్నోన్ని నేనే. ఇప్పుడు నేనే దాని మొకం జూస్తాన్న.

నాకు వచ్చే నెలల వీసా క్యాన్సల్. ముసలోన్ని ఎవ్వలు ఉంచుకుంటరు. నువ్వు గీ కంపెనీకే వస్తాన్నవని తెలిసినప్పటి సంది నాకు పాణం నిమ్మలమైంది. కొడుకు వస్తాండు, కొడుకుకు ఎర్కుంటది అని. గందుకే అన్ని తెచ్చిన, నువ్వు ఏది జెప్తె అది వండుదామని. నువ్వే నీ చేత్తోని వెట్టాలె. ఇగ చెప్పు. మీ బాపుకు ఏమిష్టముండె?

ఏంది? తలకాయనా? అది మీ అవ్వకు, ఇంతసేపు గదే గద చెప్పిన. ... కోడి నీకు ఇష్టం గావొచ్చు. నీ కోసమని తెచ్చి వండి ఉంటడు. ... దొందరేం లేదు, ఆలోచన జెయ్యి. ఛుట్టికి వచ్చినప్పుడు మీ అవ్వను ఏమన్న అడిగేటోడా, ఇది వండవే అని? ... అవును, ఆయనే వండేటోడు. ... మీరు తింటాంటె? ... ఊఁ. సూస్తాండేటోడు.

మీ చెల్లెకు ఫోన్ జేస్తవా? ... వద్దు లే. ఆమె నీ కన్న చిన్నది.

మీ అవ్వకెర్క. ఆమెకొక్కదానికే ఎర్క.

లే రాకేశ్. ఆ క్యాన్లు దీసుకొని పోయి నీళ్లు పట్టుకరా, మల్ల నల్ల బందు జేస్తరు.